పాట మనది, పట్టా ఎవరిది?

పోయిన ఎండాకాలం మా కళాబృందంలో డప్పు కొట్టే ఒక తమ్ముడు వాళ్ల నాయనమ్మ పాడిన నాట్ల పాటను యూట్యూబ్‌లో పెట్టాడు. ఆమె పోయి తొమ్మిదేండ్లయింది. పోయేముందు నులక మంచంలో కూర్చుని పాడుతుంటే ఫోనులో పట్టిన గొంతు అది. నడుమ దగ్గు వస్తుంది, వెనక మేక అరుస్తుంది. పెట్టిన గంటలోనే కబురొచ్చింది. ఈ పాట ఫలానా చానల్ వారి సొత్తు, దీని మీద ప్రకటనల డబ్బులేమన్నా వస్తే వాళ్లకే పోతాయి, ఒప్పుకోకపోతే అభ్యంతరం పెట్టుకో అని.

సంగతేమిటంటే, నాలుగేండ్ల కింద ఆ చానల్ మనిషొకడు వాడకొచ్చి, మంచి మాటలు చెప్పి, ఆ ముక్కను అడిగి తీసుకుపోయాడు. కింద కీబోర్డు దరువు వేశాడు. పైన ఇద్దరు పిల్లలతో డ్యాన్సు పెట్టాడు. పాట కింద ‘జానపదం’ అని రాసి ‘సేకరణ’ అని తన పేరు వేసుకున్నాడు. ముసలమ్మ పేరు ఎక్కడా లేదు. తమ్ముడు మా దగ్గరకొచ్చి, “ఏందన్నా ఇది, మా నాయనమ్మ గొంతుకు నేనే దొంగనైతినా?” అన్నాడు.

మిషను లెక్కలో దొంగవే. మిషనుకు నాయనమ్మ తెలియదు, మంచం తెలియదు. ముందుగా ఎవడు నమోదు చేసుకుంటే వాడే సొంతదారు. ఈ లెక్క మనకు కొత్తదేం కాదు గదా! సాగు మనది, పహాణీలో పేరు ఇంకొకరిది. తరాల తరబడి ఇదే చూశాం. అభ్యంతరం పెడితే చానల్ వాళ్లు ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి, చెప్పకపోతే వాళ్ల హక్కు మాట పడిపోతుంది. ఈ సంగతి తమ్ముడికి తెలియదు. కేసవుతుందేమోనని భయపడి రాత్రికి రాత్రే పాట తీసేశాడు. నాయనమ్మ గొంతును మనవడు తీసేసుకోవాల్సి వచ్చింది.

అందుకే ఈసారి ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. సినిమా కంపెనీ వెనక లేకుండా సొంతంగా పాడుకునే, రాసుకునే, డప్పు కొట్టుకునే మన కళాకారులకు సొంత వెబ్‌సైటు ఉండి తీరాలి. మొన్న ఒక మీటింగులో ఈ మాటంటే కొందరు నవ్వారు. వెబ్‌సైట్లు కార్పొరేటు ఆస్పత్రులకు గాని డప్పు బృందానికెందుకన్నా అన్నారు. ఒకప్పుడు వాడలో బడి ఎందుకన్నవాళ్లూ ఇట్లాగే నవ్వారు.

ముందు ఈ ‘జానపదం’ అనే మాట సంగతి తేల్చాలి. జానపదం అంటే ఎవరూ రాయలేదట, ఎవరిదీ కాదట, గాలికి పుట్టిందట. నాట్లేసే ఆడవాళ్లకు నోరు లేదా? కట్టింది వాళ్లు కాదా? ఎవరిదీ కాదనగానే అది మొదట దొరికినవాడిదైపోతుంది. ‘సేకరణ’ అని పేరేసుకున్నవాడు పండితుడవుతాడు, ఆ చరణాన్నే కొంచెం మార్చి సినిమాలో పెట్టినవాడు కవి అవుతాడు, పాడిన ముసలమ్మ మాత్రం ‘ఒక గ్రామీణ స్త్రీ’గా మిగులుతుంది. ఇంతకంటే దోపిడీకి మర్యాదైన పేరు లేదు.

కాసెట్ల కాలంలో మాకూ ఈ అనుభవమైంది. 1990లలో మేము రెండు రాత్రులు నిద్రలేకుండా పాడితే, కాసెట్ కంపెనీ ఆయన చేతిలో కొంత పైకం, రెండు అట్టపెట్టెల కాసెట్లు పెట్టి, ఒక స్టాంపు కాగితం మీద సంతకాలు తీసుకున్నాడు. కాగితంలో ఏముందో చదివినవాడు లేడు. ఆ కాసెట్లు సభల్లో అమ్ముకుని బస్సు చార్జీలు వెళ్లదీసుకున్నాం. ఇప్పుడవే పాటలు ఎవరి చానళ్లలోనో ఆడుతున్నాయి. మా దగ్గర మాస్టరు టేపు లేదు. ఎవరెవరు పాడారో రాసుకున్న కాగితం కూడా లేదు. తప్పులో మా వాటా మేము ఒప్పుకుంటాం. పాట మీద ఉన్న ధ్యాస కాగితం మీద పెట్టలేదు.

చట్టమేమో మనకు తెలియకుండానే కొంత మారింది. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు మిగతా హక్కులన్నీ రాసిచ్చినా, రాయల్టీలో సమాన వాటా తీసుకునే హక్కును మాత్రం కంపెనీకి వదిలేయలేడు. వదిలేశానని సంతకం పెట్టినా చెల్లదు. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కూడా ప్రదర్శకుల హక్కు ఉంది, యాభై ఏండ్లు నడుస్తుంది. పాడింది నేనని పేరు వేయించుకునే హక్కూ ఉంది. ఒప్పందంలో ఎంతకాలమో రాయకపోతే అయిదేండ్లేనని చట్టం అంటుంది. అయితే ఈ హక్కు అడగాలంటే ఫలానా పాట ఫలానా రోజు మాది అని చూపించడానికి ఒక చోటు కావాలి. వెబ్‌సైటు కోర్టు డిక్రీ కాదు గాని, తేదీతో పేర్లతో నలుగురి ముందు పెట్టిన మన సొంత రికార్డు. రేపు ఏ వకీలు దగ్గరికి పోయినా ముందుగా అడిగేది అదే.

ఈ గోస మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1920లలో నల్లవాళ్ల పాటల్ని ‘రేస్ రికార్డులు’ అని వేరు పెట్టి అమ్మారు. మన ఊరికీ వాడకూ నడుమ గీత లాంటిదే. బెస్సీ స్మిత్ అంతటి గాయని పాటలు లక్షల్లో అమ్ముడుపోయినా, ఆమెకిచ్చింది పాటకింత అని కూలి. రాయల్టీ లేదు. డెబ్బయి ఏండ్ల తర్వాత ప్రిన్స్ అనే మరో నల్ల కళాకారుడు అదే గొడవకు దిగాడు. కోట్లు సంపాదించినవాడే, అయినా తన పాటల మాస్టరు టేపులు కంపెనీవి. తన పేరు కూడా తన చేతిలో లేదని 1993లో పేరే వదిలేసి ఒక గుర్తు పెట్టుకున్నాడు. చెంప మీద ‘బానిస’ అని రాసుకుని స్టేజీ ఎక్కాడు. కోటీశ్వరుడు బానిసేంటని తెల్ల పత్రికలు ఎగతాళి చేశాయి. కంపెనీ నుంచి బయటపడ్డాక 1997లో, ఇంటర్‌నెట్ అంటే చాలామందికి తెలియని రోజుల్లో, తన పాటల పెట్టెను సొంత వెబ్‌సైటు మీద, ఫోను మీద ఆర్డర్లు తీసుకుని నేరుగా అమ్మాడు. 2001లో సొంత పాటల క్లబ్బునే వెబ్‌సైటుగా నడిపాడు, అది అయిదేండ్లు నడిచి 2006లో మూతపడింది. మాస్టర్ల మీద హక్కు 2014లో గాని చేతికి రాలేదు. 2016లో చనిపోయాడు. ప్రిన్స్‌కు ముందే పేరుంది, డబ్బుంది, మనకు లేదు. ఆ తేడా మరిచిపోయి మాట్లాడటం లేదు. అంత పేరున్నవాడికే సొంత గడప లేకపోతే బతుకు ఇరుకైందంటే మన సంగతేమిటని అడుగుతున్నాం.

అంత దూరమెందుకు, పక్క రాష్ట్రం చూడండి. అరక్కోణం నుంచి వచ్చిన దళిత కవి గాయకుడు అరివు. పా. రంజిత్ నిలబెట్టిన ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’లో పాడినవాడు. సిలోన్ తేయాకు తోటల్లో కూలి చేసిన తన అవ్వ బతుకులోంచి 2021లో ‘ఎంజాయ్ ఎంజామి’ రాశాడు, దీతో కలిసి పాడాడు. సంగీతం సంతోష్ నారాయణన్. సినిమా పాట కాదు, స్వతంత్ర సంగీతమే. దేశమంతా ఊగింది. అదే ఏడు ఆగస్టులో ఒక పేరుమోసిన సంగీత పత్రిక ఆ పాట పేరు చెబుతూ అట్ట మీద బొమ్మ వేసింది. అందులో అరివు లేడు. రంజిత్ బహిరంగంగా నిలదీసిన తర్వాతే అరివు బొమ్మతో ఇంకో అట్ట వచ్చింది. 2022 జూలైలో చెన్నై చదరంగం ఒలింపియాడ్ ప్రారంభ సభలో ఆ పాట పాడారు, అక్కడా అరివు లేడు. ఆ పాట తనదని అతను చెప్పుకోవాల్సి వచ్చింది. తక్కిన ఇద్దరూ తమ మాట తామూ చెప్పారు. ఆ తగువులో మేము తీర్పరులం కాదు. మాకు ముఖ్యమైంది 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ స్వయంగా చెప్పిన మాట. ఆ పాట మీద తమకెవరికీ ఒక్క పైసా రాలేదన్నాడు. స్వతంత్ర కళాకారుల కోసమే పుట్టిన వేదిక మీద వచ్చిన పాట సంగతి ఇది. వేదిక ఎంత మంచి మాటలు చెప్పినా తాళం చెవి ఎవరి దగ్గరుందన్నదే చూడాలి.

తాళం ఎంత తొందరగా పడుతుందో 2020 జూన్ 29న చూశాం. ఆ రోజు మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మా ఎరుకలోనే పల్లెల్లో పాడే ఆడపిల్లలు, కూలి పని చేసుకుంటూ చిందేసే పిల్లలు లక్షమంది అభిమానులతో నిద్రపోయి, ఒంటరిగా లేచారు. ఆ లక్షమందిలో ఒక్కరి ఫోను నంబరు కూడా వాళ్ల దగ్గర లేదు. అభిమానులు ఉన్నది కంపెనీ పద్దులో గాని వాళ్ల పద్దులో కాదు. అంతకుముందు 2019లో మైస్పేస్ అనే కంపెనీ, 2003 నుంచి 2015 దాకా జనం తన దగ్గర పెట్టుకున్న పాటలన్నీ మిషన్లు మార్చేటప్పుడు పోయాయని చెప్పి ఊరుకుంది. అయిదు కోట్ల పాటలని అంచనా. క్షమించమన్నారు, అంతే.

ఇక డబ్బు లెక్క. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సభ్యులు, ఏడాదిలో నాలుగు వేల గంటల చూపు ఉండాలి, లేదంటే చిన్న వీడియోలకు తొంబై రోజుల్లో కోటి చూపులు. స్పాటిఫై 2024 నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లు వినని పాటకు ఏమీ ఇవ్వదు. ఒక మండలంలో మాత్రమే పాడే పాటకు ఈ మెట్లెక్కే దారెక్కడిది? ఆ పాటకు రెండొందల మందే ఉండొచ్చు. ఆ రెండొందల మందికి అది ప్రాణం. సొంత పేజీలో యూపీఐ బొమ్మ పెట్టి, పాట దింపుకోండి, తోచింది ఇవ్వండి అంటే వందమంది యాభై రూపాయల చొప్పున ఇచ్చినా అయిదు వేలు, నడుమ ఎవరి కోతా లేకుండా.

యూట్యూబ్‌ను వదిలేయమని మేము చెప్పటం లేదు. అది జాతర. జాతరకు పోవాలి, డప్పు మోగించాలి, జనం అక్కడే ఉన్నారు. కాని జాతరలో కాపురం పెట్టరు గదా! ప్రతి పాట కింద మన గడప పేరు రాయాలి. విన్నవాళ్లు అక్కడినుంచి మనింటికి రావాలి.

మేము ఆశపడేది డబ్బు ఒక్కటే కాదు. షరతులు మనం పెట్టుకోవచ్చు. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. డప్పు బృందాలకు పెళ్ళిళ్ళు, ఊరేగింపులు, పార్టీ సభలు ఇప్పుడు ఈవెంట్ల వాళ్ల ద్వారా వస్తున్నాయి. పిలిచేవాడు ఎంత ఇచ్చాడో కొట్టేవాడికి తెలియదు. అన్నం ఎప్పుడు పెడతారో, ఎక్కడ కూర్చోబెట్టి పెడతారో తెలియదు. సొంత సైటులో మొదటి పేజీలోనే రాయొచ్చు: మేము ఎంతమందిమి, రేటెంత, రానూపోనూ బండి చార్జీలు ఎవరివి, భోజనం అందరితో పాటే, అదే బంతిలో. చావుకు వెట్టి డప్పు కొట్టం. చావుకు డప్పు కొట్టనన్నందుకు ఊరు సాంఘిక బహిష్కారం చేసిన వాడల కథలు ఈ పత్రిక చదివేవాళ్లకు కొత్త కాదు. ఆ ‘కొట్టం’ అనే మాట అచ్చులో, మన పేరుతో, లోకమంతా చదివే చోట ఉండటం చిన్న విషయమా? ఎదురుగా నిలబడి చెప్పలేనివాడు కూడా ఫోను తీసి ఆ పేజీ చూపించవచ్చు.

ఆడపిల్లలు పాడే బృందాలకు ఒక మాట. సైటు మీద బృందం నంబరు పెట్టండి గాని ఎవరి సొంత నంబరూ, ఇంటి చిరునామా పెట్టవద్దు. పాట కింద కులం పేరుతో బూతులు రాసేవాళ్ల గోల యూట్యూబ్‌లో ఎట్లాగూ తప్పదు, మన పేజీలో ఆ గోడ వాళ్లకెందుకివ్వాలి?

ఇక మన ఉద్యమ మిత్రుల్లోనే ఒక వాదన ఉంది. పాట ప్రజలది, సొంతం అనడం స్వార్థం, పెట్టుబడిదారీ బుద్ధి అంటారు. ఈ మాటకు మేము కొన్నాళ్లు లొంగిపోయాం కూడా. కాని చూడండి, పాట ప్రజలదన్న సభల్లోనే కరపత్రం మీద నాయకుల పేర్లు పెద్దక్షరాల్లో పడ్డాయి, పాడినవాళ్ల పేర్లు ‘కళాకారులు’ అనే ఒక్క మాటలో కలిసిపోయాయి. పేరున్నవాడు పేరు వదులుకుంటే త్యాగం. పేరే లేకుండా చేయబడ్డవాడిని వదులుకోమనడం ఏమిటి? సొంతదారు అయినవాడే ధర్మంగా ఇవ్వగలడు. మన సైటులో మనమే రాద్దాం: సభల్లో, బడుల్లో, ఊరేగింపుల్లో ఎవరైనా పాడుకోండి, పేరు చెప్పండి చాలు. సినిమాకైతే మాత్రం అడిగి తీసుకోండి.

సొంత గొంతుకు సొంత చోటు కావాలన్నది మన ఉద్యమంలో పాత మాటే. బాబాసాహెబ్ 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ పక్షపత్రిక తెచ్చాడు. డబ్బిస్తామన్నా దాని ప్రకటన వేయడానికి తిలక్ ‘కేసరి’ ఒప్పుకోలేదు. సాహూ మహారాజు ఇచ్చిన 2,500 రూపాయలు ఆసరా అయ్యాయి. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో ‘భాగ్యనగర్’ పక్షపత్రిక పెట్టాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘జయభేరి’ నడిపాడు. ఊరి పత్రికల్లో రెండు లైన్ల చోటు కోసం బతిమాలుతూ కూర్చుంటే వీళ్లెవరి మాటా మనదాకా వచ్చేది కాదు. అప్పట్లో అచ్చుకు, కాగితానికి, పోస్టుకు పడ్డ పాట్లతో చూస్తే ఇప్పుడు ఖర్చు తక్కువ. డాట్ ఇన్ పేరుకు ఏడాదికి సుమారు వెయ్యి లోపే. తెలుగు అక్షరాల్లోనే ‘డాట్ భారత్’ అని కూడా పేరు తీసుకోవచ్చు. ఇంగ్లీషు రాదన్న సాకు అక్కడ పోతుంది.

పేజీలు పెట్టుకునే చోటుకు కొంత అద్దె కట్టాలి. ఇక్కడ అద్దెనే అంటున్నాం, ఎందుకంటే ఆ మిషన్లూ ఎవరో కంపెనీవే. పేరు కూడా ఏటా శిస్తు కట్టినంతకాలమే మనది. కాని తేడా ఎక్కడుందంటే, పేరు మనదైతే ఒక కంపెనీ వెళ్లగొట్టినా సామాను ఇంకో కంపెనీకి మార్చుకుంటాం, జనానికి తెలిసిన చిరునామా మాత్రం మారదు. అందుకే పేరును బృందంలో బాధ్యత కలవాళ్ల పేరు మీద, వాళ్ల ఫోను నంబరు మీదే తీసుకోవాలి. మాకు తెలిసిన ఒక బృందం సైటు చేసిచ్చిన కుర్రాడి పేరు మీదే అంతా వదిలేసింది. అతను గల్ఫు పోయాడు. గడువు దాటింది. ఆ పేరు ఇంకెవరో కొనుక్కున్నారు, ఇప్పుడక్కడ జూదం ప్రకటనలున్నాయి. పాటల అసలు రికార్డింగులు మాత్రం సైటును కూడా నమ్మకుండా రెండు హార్డు డిస్కుల్లో, రెండు ఇళ్లల్లో పెట్టుకోవాలి.

పేజీలు తేలిగ్గా ఉండాలి. మనవాళ్లు వినేది చిన్న ఫోన్లలో, చివరి రోజుల డేటాతో. ఎగిరే బొమ్మలు వద్దు. పాట, మాటలు, పేర్లు, ఏడు, పిలవడానికి నంబరు. కొత్త పాట వస్తే చెప్పమనేవాళ్ల నంబర్లు వాళ్లు ఇష్టంగా ఇస్తే రాసిపెట్టుకునే ఒక పద్దు. సైటు పెట్టగానే జనం తోసుకొస్తారని మేము చెప్పం. మొదటి ఏడాది చుట్టాలు, స్నేహితులే చూస్తారు.

డప్పు తమ్ముడు కిందటి నెల పేరు కొన్నాడు. నాయనమ్మ పాట మొదట పెట్టాడు, దగ్గుతో, మేకతో సహా. కింద ఆమె పేరు, ఊరు, పాడిన తేదీ ఉన్నాయి. యూట్యూబ్‌లోనూ మళ్లీ పెట్టి, ఈసారి అభ్యంతరం రాశాడు. ముప్పై రోజులు ఇంకా కాలేదు. తర్వాత మా పాత కాసెట్ల పాటల పేజీ రాయడానికి రెండు సాయంత్రాలు అందరం కూర్చున్నాం. ఎవరు రాశారు, బాణీ ఎవరిది, కోరస్ ఎవరు అని ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని రాశాం. ఒక పాటలో రెండో డప్పు ఎవరు కొట్టారో ఎవరికీ జ్ఞాపకం రాలేదు. ఇద్దరి పేర్లు చెప్పుకుని వాదులాడుకున్నాం. కాసెట్ మళ్లీ మళ్లీ విన్నాం. చివరికి ఆ పేరు చోట చుక్కలు పెట్టి, తెలిసినవాళ్లు చెప్పండని రాసి వదిలాం.